నలభై కౌంటు నిద్ర

ట్రంకు రోడ్డులో రెండు చీరలు కొని
చీటీ మీద ఫోన్ నెంబరు రాసి డబ్బాలో వేసిన పాపానికి
"మేడమ్, మీరే విన్నరు" అని పిలిచారు.
కుక్కరు ఇస్తారంట, ఊరికే.
గంటన్నర కూర్చుంటే చాలంట, జంటగా.

మినీ బైపాసు మీద హోటలు. ఏసీ.
మా ఆయన చెప్పులకి గుంట మట్టి ఇంకా ఆరలేదు,
తివాచీ మీద కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలీక
కుర్చీ కిందికి ముడుచుకున్నాడు.

టై కట్టుకున్న పిల్లోడి పేరు కిరీటి. కావలి వాళ్ళంట.
ట్యాబులో కొండలు చూపించాడు, మంచు చూపించాడు,
తెల్లటి తొట్టి ఒకటి చూపించాడు, పక్కన కొవ్వొత్తి.
నా చూపు ఆ తొట్టి కాడే ఆగిపొయ్యింది.
పిహెచ్ ఎంతో ఎవురూ అడగని నీళ్ళు.

ఏడాదికి ఏడు రాత్రులు, ఇరవై ఐదేళ్ళు.
"సెలవు మీ హక్కు, మస్తానయ్య గారూ" అన్నాడు.
మా ఆయన తలూపాడు, కరెంటాఫీసులో ఊపినట్టు.

తరవాత రంగులు. పర్పుల్ సీజను, రెడ్ సీజను.
"వైట్ సీజను" అనంగానే మా ఆయన ఉలిక్కిపడ్డాడు.
ఆ పిల్లోడికేం తెలుసు,
పోయినేడు వైట్ స్పాటు నాలుగు గుంటల్ని
ఐదు రోజుల్లో ఊడ్చిన సంగతి.
గట్టు వెంబడి తేలిన రొయ్యల్ని
నేనే గంపలకెత్తి, సున్నం జల్లి పూడ్చాను.

మాకు అందే ధర బ్లూ అంట.
జులై, ఆగస్టు.
అప్పటికి మా రొయ్యకి అరవై రోజులు,
పసిబిడ్డని వదిలినా దాన్ని వదిలేదానికి లేదు.
మాకు తీరికుండేది గుంటలు ఎండే డిసెంబరు.
డిసెంబరు రంగు రేటు అడిగితే
కిరీటి ట్యాబు పక్కకి జరిపాడు.

లెక్కల పుస్తకం ఎప్పుడూ నా బ్యాగులోనే ఉంటాది,
మేత కంపెనీ వాళ్ళిచ్చింది. వెనక పేజీలో వేశాను.
కట్టాల్సింది మూడు లక్షల డెబ్బై ఐదు వేలు.
పైన ఏటేటా మెయింటెనెన్సు పదహారు వేల ఐదొందలు,
అదీ పెరక్కుండా ఉంటే.
మొత్తాన్ని నూట డెబ్బై ఐదు రాత్రులకి పంచితే
రాత్రికి నాలుగు వేల ఐదొందలు,
రైలు గాదు, తిండి గాదు, వొట్టి పడుకున్నందుకు.
నలభై కౌంటు ధరలో పన్నెండు కిలోలు.
అంటే ఒక్క నిద్రకి
నాలుగొందల ఎనభై రొయ్యలు.

"మా గుంటల లీజే మూడేళ్ళు నాయనా,
ఇరవై ఐదేళ్ళ సెలవు ఎవురి పేర రాసుకోవాల?" అన్నాను.
పిల్లోడు నవ్వలేదు.
వెనక మేనేజరు ఫోన్లో ఉండాడని చూసుకోని
గొంతు తగ్గించాడు.
"మా నాయన గూడా గుంటలేసినాడు మేడమ్, అల్లూరు కాడ.
నేను పుట్టకముందే పొయ్యినాయంట.
అప్పు మాత్రం నాకు తెలుసు."
మళ్ళీ వెంటనే, "ఈ ఆఫరు ఇయ్యాల ఒక్కరోజే" అన్నాడు.

అప్పుడడిగాడు మా ఆయన,
మూడున్నర గంటల్లో ఒకే ఒక్క మాట.
"ఆ రూముల్లో సౌండేమన్నా ఉంటాదా?"
"అస్సలు లేదు సార్, పిన్ డ్రాప్ సైలెన్స్!"
ఆయన మొహాన నెత్తురు చుక్క లేదు.

పదకొండేళ్ళుగా ఏరేటర్ల మోత మీదే మా నిద్ర.
మోత ఆగితే మెలకువ. మోత ఆగితే పరుగు,
టార్చి, జనరేటరు, డీజిలు, దేవుడు.
ఆ కొండ మీద, అంత నిశ్శబ్దంలో
అర్ధరాత్రి దిగ్గున లేచి
ఈ మనిషి ఎటు పరిగెత్తాల?

కుక్కరు తెచ్చుకున్నాం. మూడు లీటర్లది.
మూత సరిగా పట్టదు.

నవంబరులో పట్టుబడి అయ్యింది.
ఏరేటర్లు విప్పి గట్టు మీద బోర్లించారు.
ఆ రాత్రి గంగపట్నంలో సముద్రం వినపడింది,
ఇంత దగ్గరుందని మర్చేపొయ్యాను.
ఇద్దరికీ నిద్ర పట్టలా.
లేచి టేబులు ఫ్యాను మూడులో పెట్టాడు. చాల్లేదు.
కొంచేపటికి చీకట్లోంచి,
"ఆ తొట్టి అంత నచ్చిందా నీకు?" అన్నాడు.

"ఏ తొట్టి?" అన్నాను.