మడమ బయటి అంచు

మెట్టుగూడల మెట్రో పిల్లరు నీడ
పొద్దున పదింటి దాకా నాది,
తర్వాత జామపండ్లాయనది.

మనుషుల ముఖాలు నేను ఆఖరుకు చూస్త.
కిందికెల్లి మొదలుపెడత.

బాలామణి చెప్పులు రెండూ ఒకే దినం కొన్నవి.
ఒకే తీరుగ పాతగాలే.
కుడిదానికి మడమ బయటి అంచు
కొడవలి లెక్క కోసుకపోయింది,
లోపలి అంచు మీద కంపెనీ పేరు ఇంకా చదవొస్తది.
ఎడమది అంతటా పలసబడ్డది,
పక్కోళ్ళ సామాను గూడ మోసిన కూలి లెక్క.

"మోకాలా?" అన్న.
"నీకెట్ల తెలిసె?"
చెప్పే చెప్పిందన్న.

ఇరవై ఆరేండ్లు బస్సుల టికెట్లు కొట్టింది.
కండక్టరుకు సీటుంటది, కూసునే సందుండదు.
బ్రేకు పడ్డప్పుడల్లా చెయ్యి కడ్డీని పట్టుకునేది,
మిగిలిన పెయ్యినంత మోకాలే పట్టుకున్నది.

అప్పటి నడక నాకెరుక.
సంకల తోలుసంచి ఎగురుతుండె,
రోడ్డు ఆమె కాళ్ళకింద తొందరగ అయిపోతుండె.

ఇప్పుడు కుడికాలు నేలను ముట్టిందో లేదో
ఎడమది ఉరికొచ్చి అందుకుంటది.
ఆ జరసేపట్లనే
భుజం కుడిదిక్కు వాల్తది,
పక్కింటి ముచ్చట వినబోయి గోడకు ఒరిగినట్టు.
మోకాలు వంగదు.
వంగకుండనే పాదాన్ని బయటికేసి పెడతది,
వేళ్ళు మోరీ దిక్కు చూస్తయి.

టప్... టప్పు. టప్... టప్పు.
మొదట దరువు తప్పిందనుకున్న.
వారం దినాలు విన్నంక తెలిసె,
లెక్క జూసుకుంటున్నది:
ఎవరి మీద, ఎంతసేపు.

దవాఖానల ఒక చాప మీద నడిపిచ్చిన్రట.
చాప కింద తీగలు, తెర మీద గీతలు.
"అమ్మా, మీ కుడికాలు తక్కువసేపు ఆగుతున్నది"
అన్నదట పిల్ల డాక్టరమ్మ.
"అది నా కాలే గద బిడ్డా, నాకు తెల్వదా."
గుజ్జు అరిగి బొక్కకు బొక్క ఆనుతున్నదని
ఫొటో గూడ చూపిచ్చిన్రట.
"ఆఫీసు టైముల బస్సు లెక్కనే ఉన్నది లోపల,"
అని నాకు చెప్పి నవ్వింది.

మెట్లెక్కుడు పర్వాలేదంటది.
దిగుడే దయ్యం.
లిఫ్టు చెడిపోయిన నాడు
స్టేషను మెట్లు అడ్డంగ దిగుతది, పీత లెక్క,
ఒక్కో మెట్టుకు రెండు కాళ్ళు.
ఎనక నుంచి ఒక పిలగాడు
"జల్దీ నడువమ్మా" అన్నడట.
"చిల్లర లేదు, ఆగు" అన్నది.
నోటికి పాత అలవాటు.

టైరు ముక్క కోసిన.
లోపలిదిక్కు సన్నగ చెక్కి
బయటి అంచు కింద పెట్టి కుట్టిన.
ఆరె నాలుగుసార్లు జారింది.

"తక్కువైతదా?"
"చెప్పు అరుగుడు తక్కువైతది.
కాలు సంగతి నాకెట్ల తెలుస్తది."

తొడుక్కొని పిల్లరు చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది.
భుజం వాలింది. జర తక్కువనా?
నేను కుట్టిన గనుక నాకట్ల కనపడ్డదా?
యాభై ఇచ్చింది. ఇరవై తిరిగిచ్చిన.
రెండు పది నోట్లను రెండుసార్లు లెక్కపెట్టుకున్నది.

పదైంది. నీడ జరిగింది.
జామపండ్ల బండి వచ్చి నిలబడ్డది.
నేను లేవాలె.
నలభై ఏండ్ల సంది మడిచి కూసున్న కాళ్ళు.
ఒక చెయ్యి పిల్లరు మీద, ఒక చెయ్యి తొడ మీద,
లోపల ఇసుక నలిగిన చప్పుడు.

బస్టాపు దాక పోయిన బాలామణి
ఎనకకు మర్లి చూసింది.
నా ముఖం దిక్కు గాదు,
నా చెప్పుల దిక్కు.