పచ్చకామెర్లు

రాత్రి టీవీలో ఎవరో తెల్ల డిటెక్టివ్
మన ఊళ్ళో దిగాడు.
తెర మీద 'హైదరాబాద్' అని పడిందో లేదో
ఆకాశాన్ని పసుపునీళ్ళలో ముంచి తీశారు.
మెట్రో లేదు, టోలీచౌకీ ఫ్లైఓవర్ లేదు,
ఒక ఆవు, ఒక సితార్,
ఈ భూమ్మీద ఎవరూ మాట్లాడని యాసలో
ఒక హంతకుడు.
నేనూ ఇద్రీసూ పడీపడీ నవ్వాం.
చాయ్ ఒలికింది.

ఇద్రీస్‌ది ఖార్తూమ్. ఇక్కడ ఫార్మసీ మూడో ఏడు.
మెహదీపట్నం రైతుబజారులో
"గివేం టమాటలక్కా, అన్నీ మెత్తగున్నయ్"
అని బేరమాడతాడు.

నవ్వు ఆగాక అడిగాడు:
"పోయిన నెల మీ క్రైమ్ సీరియల్ల
నేను మత్తుమందు అమ్మిన గదా,
ఆ గొంతెవరిదన్నా?"

కృష్ణానగర్‌లో, ఏసీ పనిచేయని గదిలో,
పూటకి పన్నెండు వందలకి
వాడి పెదాల మీద
"నువ్వు... డబ్బు... ఇచ్చు" అని
విరిచి పెట్టింది నేనే.
ఇంకా విరవమన్నారు.
విరిచాను.

రిమోట్ కోసం వెతుకుతున్నట్టు
దిండ్లన్నీ ఎత్తి చూశాను.
ఇద్రీస్ గుడ్డ తెచ్చి
నా వైపు ఒలికింది కూడా తుడిచాడు.
మళ్ళీ అడగలేదు.