కొలతకు రానివి

ఇంకా తెల్లారలేదు.
ఆర్మాన్ పడవ ఇంజిను చప్పుడు
రేవు దాటి, దీపస్తంభం దాటి
సెంట్ మేరీ అఖాతంలో కరిగిపోయాక
మా బడి గంట కొట్టినట్టే లెక్క.

బడి అంటే ఈ వంటగది బల్లే.
ఒక కాలు పొట్టిది, దాని కింద మడిచిన అట్టముక్క.
నిన్నటి జామ్ మరక మీద ఇవాళ్టి కూడికలు.
పొయ్యి మీది ఓట్స్ గంజి
అడుగంటిన వాసనొస్తే
ఆ పూటకి అదే సైన్సు పాఠం.

లూసియెన్‌కి ఏడు నిండాయి.
మిరేయ్‌కి ఐదు. చంటివాడికి పళ్ళు రెండు,
ఆ రెండింటితోనే
అక్షరాల కార్డుల్లో "బి"ని సగం తినేశాడు.

మిరేయ్ కంటబడ్డదల్లా చదివేస్తుంది:
పిండి సంచీ, మందు సీసా,
మా అత్తగారి ఉత్తరంలో
నేను దాచిపెట్టిన రెండో పేజీ కూడా.
"అమ్మా, 'పిల్లాణ్ని పాడుచేస్తోంది' అని రాసింది,
ఎవరు పాడుచేస్తున్నారు?"

లూసియెన్ ముందు మాత్రం
అక్షరాలు చేపపిల్లల్లా చెదిరిపోతాయి,
వేలు పెట్టిన చోట ఉండవు.
ఒక్క వాక్యం దాటేసరికి
తల ప్రాణం తోకకొస్తుంది
వాడికీ, నాకూ.

నిన్న పొద్దున అరిచాను.
దాచిపెట్టొచ్చు, కానీ ఇంట్లో మిరేయ్ ఉందిగా.
పుస్తకం బల్లకేసి కొట్టాను.
గంజి గిన్నె ఎగిరిపడింది. చంటివాడు నవ్వాడు.
లూసియెన్ నవ్వలేదు.
కోటు గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని
షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

గిన్నెలు తోముతూ కిటికీలోంచి చూశాను.
పసుపు బస్సుకి మా మలుపులో ఆగే పని లేదు,
అయినా రోజూ కాస్త నెమ్మదిస్తుంది.
డ్రైవరు జోసెట్ చెయ్యూపుతుంది.
ఆ చెయ్యి "బాగున్నారా" అంటోందో
"ఎక్కించరాదూ" అంటోందో
రెండేళ్ళుగా తేల్చుకోలేకుండా ఉన్నాను.

మధ్యాహ్నం ఆర్మాన్ వచ్చాడు,
చేతులనిండా ఉప్పు పగుళ్ళు.
షెడ్డులో తండ్రీకొడుకులు
బోనులు బాగుచేస్తుంటే
తలుపు సందులోంచి విన్నాను.
"ఇవాళ ఎన్ని వదిలేశావు?"
"సగానికి సగం."
"ఎందుకు?"
ఆర్మాన్ జేబులోంచి ఇత్తడి కొలబద్ద తీసుంటాడు,
కంటి గుంట దగ్గర్నుంచి
వీపు పెంకు చివరిదాకా పెట్టి చూసేది.
"దీనికి అందకపోతే చిన్నదన్నమాట.
మళ్ళీ నీళ్ళలోకే."
"దాన్ని కోప్పడతావా?"
"లాబ్‌స్టర్‌నా? దేనికిరా?
అది పెరగాలంటే ఇంకా పెంకు మార్చుకోవాలి.
మార్చుకున్నన్నాళ్ళూ ఒళ్ళు మెత్తగా ఉంటుంది.
రాళ్ళకింద దాక్కుంటుంది, ఎవరికీ కనపడదు."

కాసేపు సుత్తి చప్పుడే.
తర్వాత లూసియెన్ గొంతు:
"అమ్మ దగ్గర కూడా ఆ కొలబద్ద ఉందా?"

ఆర్మాన్ ఏమన్నాడో వినలేదు.
చంటివాడు ఏడ్చాడు కాబట్టి లోపలికి వచ్చేశానని
నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఇవాళ పుస్తకం తియ్యలేదు.
గోడకున్న ఆటుపోట్ల పట్టిక దింపి వాడి ముందు పెట్టాను.
"నాన్న ఎన్నింటికొస్తాడో చూసి చెప్పు."
అంకెలు వాడి మాట వింటాయి.
వేలు వరుస వెంట పాకి
బుధవారం మీద నిలబడింది.
"పోటు పదకొండుంబావుకి.
కానీ గాలి ఈశాన్యం నుంచి. ఆలస్యమవుతుంది."

గాలి సంగతి ఆ పట్టికలో లేదు.
కిటికీ అవతల, తీగ మీద ఆరేసిన
చంటివాడి గుడ్డల్లో చదివాడు.

పదకొండుంబావు దాటింది. పడవ రాలేదు.
పన్నెండవుతుంటే ఇంజిను చప్పుడు.
వాడు నావైపు చూడను కూడా చూడలేదు,
రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు.

అత్తగారికి జవాబు రాయాలి.
మూడు వాక్యాలు రాసి రెండు కొట్టేశాను.
మిరేయ్ నా భుజం మీంచి తొంగిచూసి
మిగిలినదాంట్లో ఒక తప్పు దిద్దింది.

ఏం రాయను? రేపు మళ్ళీ అరుస్తానేమో.
అరవనని ఒట్టు పెట్టేంత ధైర్యం లేదు.
చంటివాడు లాగాడో ఏమో,
అట్టముక్క జారి బల్ల ఊగుతోంది.
లూసియెన్ కింద దూరి
దానికి ఇంకో మడత పెడుతున్నాడు.