గాలి మళ్ళేదాకా

బాహుదా సముద్రంలో కలిసేచోట
మా ఊరు నాలుగు వరసలుండేది.
ఇప్పుడు రెండు.
మొదటి వరస ఏదంటే
అవ్వ చెయ్యెత్తి అలల్లోకి చూపిస్తుంది,
పక్కవీధి చూపించినట్టు.

బరంపురం నుంచి బెహరా బాబు వచ్చాడు.
తుపాను కాలనీలో ఇళ్ళిస్తారట, జాబితా రాయాలట.
ప్లాస్టిక్ కుర్చీ ఇసకలోకి ఒకపక్కకి దిగబడుతుంటే
ఒరిగి కూచునే రాసుకుంటున్నాడు.
ఇంటిపేరు?
సూరాడ.
కలం ఆగింది.
"సొరడానా? అది కొండల దగ్గర ఊరు కదా,
అక్కణ్ణుంచి సముద్రానికి ఎందుకొచ్చారు?"

ఈ పొరపాటు ఆయన మొదలెట్టింది కాదు.
నాన్న బడి రిజిస్టర్లో, పెదనాన్న రేషను కార్డులో
ఎప్పుడో మమ్మల్ని కొండెక్కించేశారు.
పడవ తప్ప బండెరగని వాళ్ళం
కాగితాల మీద మాత్రం మెట్ట మనుషులం.

ఒడియా బళ్ళో చదివినదాన్నని
సరిచెయ్యమని కలం నాకిచ్చాడు.
ఒడియా అక్షరం గొడుగు పట్టుకుని నిలబడుతుంది,
తెలుగక్షరం తలకట్టుతో సరిపెట్టుకుంటుంది.
ఈ వానలకి ఏది ఆగుతుందో
నాకిప్పటికీ తెలీదు.
గొడుగు కిందే రాశాను.

ఎన్నేళ్ళ నుంచి స్థిరనివాసం?
అది అవ్వనే అడగాలి.

"తిరమేటి బావూ!
మాయయ్య బైరాగి దచ్చినం గాలికొచ్చినాడు,
కవళ్ళ గుంపు ఎనకాల.
ఉత్తరం గాలి మళ్ళితే ఎల్లిపోదుమన్నాడు.
మళ్ళింది. మాయమ్మకి నెప్పులొచ్చినాయి.
పైయేడు మళ్ళింది. మైలపల్లోళ్ళ పడవకి కుట్లు తెగిపోనాయి.
ఆపై యేడు మొగలితోటల ఆసామికి
గింజలప్పు తీరనేదు.
తరవాత ఎవులూ గాలికేసి చూడనేదు.
ఇంకా బయల్దేరతానే ఉన్నాం, రాసుకో."

ఆయన రాసుకోలేదు.
ఆ గడిలో అంకె ఒక్కటే పడుతుంది.

ఆ నెప్పులు అవ్వవే.
మొగలి పొదల వెనక ఊరివాళ్ళు
తమ నూతిలో చేద వెయ్యనివ్వలేదట మొదట్లో.
ఇసకలో చెలమ తీసి
ఉప్పు ఊరేలోపు
కొబ్బరిచిప్పతో తోడుకున్నారట.
పురుడు పొయ్యడానికి మాత్రం
ఆ ఊరి మంత్రసానే చీకట్లో, చెప్పకుండా వచ్చింది.
కూలికి రెండు ఎండు వంజరాలు
కొంగులో చుట్టుకుపోయింది.
కుంతల, ఆవిడ పేరు.
ఇంటిపేరు ఎవరూ అడగలేదు.
జాలరి వాడలో ఇంకెవరికీ లేని ఆ పేరు
మా అవ్వకి అలా వచ్చింది.

ఇరవైమూడు గడపలు లెక్కకొచ్చాయి.
మగవాళ్ళేరి అంటే
సగం మంది వెరావల్ బోట్ల మీద.
వాళ్ళ బదులు పెళ్ళాలు వేలిముద్రలేశారు,
వలకి రంగేసిన చేతులతో,
సిరా అక్కర్లేకుండానే.

కాలనీ సరుగుడు తోపు అవతల, రెండు మైళ్ళు.
చప్పుడు వినపడని దూరం.
పడవలెక్కడ పెట్టుకోవాలో
ఆ కాగితంలో లేదు.
బెహరా బాబు మంచివాడే,
వెనక్కి తిప్పి చూశాడు,
అక్కడా లేదు.

పాటు తీసినప్పుడు
మొదటి వరస నుయ్యి తేలుతుంది.
చుట్టూ ఇసక కోసుకుపోయి
ఒరలు మాత్రం నీళ్ళలో నిలువుగా,
లోపలున్నది బయటికొచ్చి నిలబడ్డట్టు.
నిన్న పొద్దున్న ఎవరో
దానికి తాడేసి పడవ కట్టారు.

ముడి ఎవరిదో చూసి రమ్మంది అవ్వ.
కళ్ళకి ఆనదు, కానీ ముడి చెబితే
మనిషిని చెప్పేస్తుంది.
మోకాల్లోతు నీళ్ళలో వెళ్ళి చూశాను.
రెండు మెలికలు, ఒక ఎదురు మెలిక.

మైలపల్లోళ్ళది, అన్నాను.

అవ్వ కాసేపు వల కంతల్లో వేళ్ళాడించి
"ఆళ్ళ కుట్లు
ఇంకా అవనేదేటి?" అంది.