పదకొండోసారి

ఇరవైరెండేండ్లు నిలబడే తిరిగినా
కర్నూలు నుంచి ఆదోనికి, ఆదోని నుంచి కర్నూలుకు.
కోడుమూరు గుంతల్లో ఎప్పుడో
నడుములో ఒక డిస్కు తన సీటు వదిలి పక్కకు జరిగిందంట.
"మూడు నెలలు ఇంటిపట్టున ఉండు దస్తగిరమ్మా" అన్నాడు డాక్టరు,
ఇల్లంటే నాకు బాగా తెలిసిన ఊరన్నట్టు.

రెండో వారం మా డిపో మెకానిక్కు మద్దిలేటి వచ్చినాడు.
చొక్కా లోపల ఏదో కదుల్తావుంది.
"పెంచుకునేటోళ్ళకు ట్రాన్స్‌ఫర్ అయిందక్కా.
జాతికుక్క. డాక్స్‌హుండ్."
ఆ మాటకు నాకు నోరు తిరగలేదు.
కింద పెడితే చూసినా:
ఒళ్ళు ఎక్స్‌ప్రెస్ బస్సుది,
చక్రాలు ఆటోవి,
చెవులు ఎవురో పెద్దకుక్క దగ్గర బదులు తెచ్చుకున్నవి.
బుడంకాయా అన్నా.
తిరిగి చూసింది.
పేరు కుదిరిపాయ.

మొదటిరోజు ఎడమకాలి చెప్పు తినింది.
మూడోరోజు ఇంకో జత, అదీ ఎడమదే.
కుడి చెప్పుల మీద దానికి పగా లేదు, ప్రేమా లేదు.
పక్కింటి లింగమ్మ మిద్దె మెట్ల మీద ఆరేసిన బుడ్డల్లో పడి
పొట్టు మాకు, పప్పు దానికి అని పంచింది.
ఆయమ్మ గొంతెత్తుకోని వస్తే
కొంగు పట్టుకోని ఉయ్యాల ఊగింది.
తిట్టనీకి వచ్చిన మనిషి
నవ్వు ఆపుకోలేక కూర్చోని టీ తాగి పోయింది.
పదేండ్ల నుంచి పక్కపక్క ఇండ్లు.
టీ అదే మొదులు.

గోడ మీద ఆ ఏటి వరద గీత అట్లనే ఉంది,
ఎన్ని సున్నాలేసినా.
ఇప్పుడు దానికింద జానెడెత్తున ఇంకో గీత,
ఇది పండ్ల వరద.

పగటిపూట నా ఇల్లు నాకే కొత్త.
డిసెంబరు ఎండముక్క ఒకటి
పదకొండింటికి కిటికీలోంచి నాపరాళ్ళ మీద దిగుతుంది,
రెండుకు గోడెక్కి వెళ్ళిపోతుంది.
టైము తప్పని బండి.
ఆ రూటు నాకంటే ముందు బుడంకాయ పట్టేసింది,
ఎండ జరిగితే తానూ జరుగుతా, కండ్లు తెరవకుండా.

మౌలాలిది పత్తి మిల్లులో రాత్రి కాపలా. నాది పగలు.
ఇన్నేండ్లూ మా మధ్య తాళంచెవి చేతులు మారింది,
మాటలు మారలేదు.
ఒక మద్దేనం లోపల కరకరమని సప్పుడైతే
మళ్ళీ ఏం కొరుకుతోందో అని పరక పట్టుకోని పోయినా.
బుడంకాయ గడప మీద కూర్చోని వింటావుంది.
కొరుకుతున్నది మౌలాలి,
నిద్రలో, పండ్లు.
పరక దించి చాలాసేపు అక్కడే నిలబడినా.

నా విజిలు పోయింది.
మంచం కింద ఉందని నాకు తెలుసు, దానికీ తెలుసు,
వంగలేనని కూడా దానికి తెలుసు.
మౌలాలి బోర్లా పడుకోని చెయ్యి చాపి ఒక్కొక్కటే లాగినాడు:
ఖాకీ గుండీ, నమిలిన టికెట్టు రోలు,
ఒక రూపాయి బిళ్ళ, లింగమ్మ బుడ్డలు రెండు, విజిలు.
"మనకంటే దీని సంసారమే నయం" అన్నాడు.

ఊది చూసినా.
పంటిగాట్లలోంచి గాలి జారి సగమే మోగింది.
ఆ సగానికే యాడనుంచో ఉరికొచ్చి
నా కాళ్ళ మీద పడింది.
ఆగమంటే ఆగినాయి, పొమ్మంటే పోయినాయి
ఇన్నేండ్లూ బండ్లు.
ఉరికి వచ్చింది మాత్రం ఇదొక్కటే.

సాయంత్రం చాప మీద ఎక్సర్‌సైజు.
ఎల్లకిలా పడుకోని, మోకాళ్ళు మడిచి,
నడుము పైకెత్తి అంకెలు లెక్కపెట్టాల.
నేను ఎత్తుతానే
కిందనుంచి తోక ఆడిస్తా దూరిపోతుంది బుడంకాయ,
వంతెన కింద బండి పోయినట్టు.
అవతలికి పోయి, మలుపు తిరిగి, మళ్ళీ నిలబడుతుంది.
పదిసార్లు చాలన్నాడు డాక్టరు.
అది పదకొండోసారి కూడా వచ్చి
ముక్కు ఆనించి చూస్తావుంది.

దోవ మూసుంటే
పాపం, ఎట్ల పోతుంది?
ఎత్తినా.