ఒక అథర్ నీళ్ళు

నిజ్వా దాటాక రోడ్డు
కొండను అడిగి అడిగి ఎక్కుతుంది.
ఎడమన లోయ, కుడిన బండ,
మధ్యలో జువైనా, స్టీరింగ్ మీద ఒక చెయ్యి,
రెండో చేత్తో ఖర్జూరం గింజల్ని
కిటికీలోంచి విసురుతూ.
"మొలిస్తే మొలుస్తాయి" అంటుంది.
ఈ రాళ్ళలో మొలవవని ఇద్దరికీ తెలుసు.

నా ఒళ్ళో మడిచిన పటం.
అందులో ఆ ఊరికి పేరు లేదు,
ఒక చిన్న త్రిభుజం, పక్కన 'శిథిలాలు' అన్న మాట.
శిథిలాలంటే నాకు సరదా, ఒప్పుకోవాలి.
తలుపు తట్టకుండా
ఎవరి పడగ్గదిలోకైనా వెళ్ళిపోవడం.
చాలా దేశాల్లో చేశానా పని, టిక్కెట్టు కొని.

దూరానికి ఊరు కొండలాగే ఉంది.
దగ్గరికెళితే కొండకి కిటికీలు.
మూడంతస్తుల మట్టి ఇళ్ళు,
పై అంతస్తు ఆకాశానిది.
గడ్డి కలిపిన గోడ మీద
ఎవరో మెత్తిన అయిదు వేళ్ళు అలాగే ఉన్నాయి.
నా వేళ్ళు ఆనించి చూశాను.
నాకన్నా చిన్న చెయ్యి.

"అమ్మమ్మ ఇల్లు ఇక్కడే ఎక్కడో" అంది జువైనా.
తలుపుంటే గుర్తుపట్టేదట,
ఇత్తడి గుబ్బలు, వరుసకి తొమ్మిది.
ఊరి తలుపులన్నీ ఎప్పుడో
మత్రా బజారుకి దిగిపోయాయి.
హోటళ్ళలో కాఫీబల్లలయ్యాయి, మీద అద్దం కప్పుకుని.
(నిన్న రాత్రి అలాంటి బల్ల మీదే
కప్పు పెట్టాను. చెప్పలేదు.)

గుమ్మంలోంచి గుమ్మంలోకి తిరిగాం.
మసి పట్టిన మూల ఇదేనా? కాదేమో.
మెట్ల కింద గూడు ఇదేనా?
అన్ని ఇళ్ళలోనూ మసి ఉంది, గూడు ఉంది.

అప్పుడు వినిపించింది,
ఖాళీ ఊళ్ళో ఎవరో
ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నట్టు.

ఫలజ్. మూరెడు వెడల్పు కాలవ.
కొండ కడుపులో పుట్టి
ఇళ్ళ కిందుగా దూరి తోటల్లోకి దిగుతుంది.
గట్టున మర్హూన్, డెబ్బై దాటినవాడు,
నేలలో పాతిన కర్ర నీడకి కాపలా.
నీడ ఒక రాయి నుంచి ఇంకో రాయికి జరిగితే
ఒక అథర్. అరగంట నీళ్ళు.
పక్కన సెల్‌ఫోన్ ఉంది.
"మబ్బేసిన రోజే దాన్ని అడుగుతాను" అన్నాడు.

నీడ రాయిని తాకింది.
గుడ్డ చుట్టిన బండ తీసి, మడవ మార్చి
తోటలవైపు కేకేశాడు:
"సైఫ్ కొడుకుల వంతు!"
పలికేవాళ్ళు లేరు. నీళ్ళు మటుకు వెళ్ళాయి.

కొడుకులు ఇద్దరు మస్కట్‌లో,
ఒకడు జాంజిబార్‌లోనే పోయాడు.
ఇల్లు కూలింది, వంతు కూలదు.
అమ్ముకోవచ్చు, కుదవ పెట్టుకోవచ్చు,
మసీదుకి రాసివ్వొచ్చు.

జువైనా తన అమ్మమ్మ పేరు చెప్పింది. గనీమా.
ముసలాయన ఆమె ముఖం చూడలేదు,
నీడని చూశాడు.
"ఇంకో రెండు రాళ్ళు. దాని తర్వాతది నాది. కూర్చోండి."

కాఫీ పోశాడు. చిన్న కప్పులో పెద్ద యాలకుల వాసన.
అథర్ అంటే అడుగుజాడట కూడా.
ఇసుకలో ఒంటె నడిచిన గుర్తు అథర్.
కూలిన కోటలకీ ఆ మాటేనట.
పటం గీసినవాడు
ఏది విని ఏది రాసుకున్నాడో!

వంతు వచ్చింది. మర్హూన్ లేవలేదు,
బండవైపు గడ్డం ఊపాడు.
జువైనా చేతి గడియారం తీసి నాకిచ్చి
మోకాళ్ళ మీద వంగి పెకలించింది.
మోచేతులదాకా నీళ్ళు.
కేకెయ్యాలి, అది పద్ధతి.
మొదటిసారి గొంతు రాలేదు.
రెండోసారి, "గనీమా వంతు!"
గోడల్లోంచి పావురాలు లేచాయి.

నీళ్ళ వెనక నడిచాం, దారి వాటికే తెలుసు.
తూము దాటి, కూలిన ప్రహరీ దాటి, నాలుగు చెట్లు.
మూడు కాపు మీదున్నాయి.
నాలుగోది తల లేని మోడు.
దాని పాదులోకీ నీళ్ళు వెళ్ళాయి,
పుల్లల్నీ నురగనీ ఎత్తుకుని
ఒక చుట్టు తిరిగి, ఇంకాయి.
జువైనా చెప్పులు విప్పి బురదలో నిలబడింది.
నేను ఫొటో తియ్యలేదు.

చాలాసేపటికి
ఎగువన బండ మూసిన చప్పుడు.
ఆమె గడియారం చూశాను.
ముప్ఫై ఎనిమిది నిమిషాలు.

ఆకాశంలో మబ్బు తునక లేదు.