నూట పద్దెనిమిదో రెఫరెన్సు

కర్నల్ సాబు ఎడమ చెవి పనిజేయదు.
యాడనో మంచుల, కొండ పగలగొట్టి రోడ్డేసే కాడ
ఒక తూటా తొందరపడ్డదట.
అంతకు మించి చెప్పడు.
నా దుకాణంల ఎప్పుడూ జిరాక్సు మిషను
కుడి చెవి దిక్కు వచ్చేటట్టు కూసుంటడు,
మిషను ఏమన్న చెప్తదేమో అన్నట్టు.

పాలమూరు క్లాక్ టవర్ కాడికెళ్లి రెండో సందు.
హాల్ టికెట్లు, కులం సర్టిఫికెట్లు, పెండ్లి పత్రికలు
కొట్టిన చేతులతోటే
నాలుగేండ్ల సంది ఆయన థీసిస్ కొడుతున్న.
మట్టి గురించి మూడొందల పన్నెండు పేజీలు.
గామా, సిగ్మా, దాని కింద చిన్న డి.
నాకు సమజ్ గావు,
తప్పు పడితే మాత్రం కండ్లు గుర్తువడతయి.

అరవై నిండవోతున్న మనిషి.
పొద్దుగాల కాలేజీల పాఠం,
పొద్దుమీకి నా కాడ కామాలు, చుక్కలు.
పోరగాండ్లు చెప్పంగ విన్న:
మొదటి క్లాసుకే బూట్లు ఇప్పిచ్చి
చెరువు కట్ట మీద నిలబెట్టిండట.
"తడి ఎంతున్నదో మడమ చెప్తది.
మిషన్లు తర్వాత. అవి సాక్ష్యానికి."
ఒకడు నవ్విండట.
ఆ నవ్వినోడే ఇప్పుడు ల్యాబు తాళంచెవి
మొలదారానికి కట్టుకొని తిరుగుతున్నడు.

మొన్న ఎండాకాలం థీసిస్ వాపసొచ్చింది.
పరీక్ష జేసిన ప్రొఫెసరు ఎర్రసిరాతోటి
నూట పద్దెనిమిదో రెఫరెన్సు చుట్టు గుండ్రం గీసిండు.
వల్లెపు తిప్పమ్మ. నోటిమాట. 1974.
పక్కకు రాసిండు:
ఎవరీమె? ఏ సంస్థ? యాడ అచ్చయ్యింది?
తీసేయాలె.

కర్సరు ఆ లైను మీద పెట్టిన.
డిలీట్ మీద వేలు.
ఒక్క లైనే గద సార్, పేజీ నంబర్లు గూడ మారవు, అన్న.
ఆయన ఎడమ చెవి నా దిక్కు తిప్పిండు.
ఫ్యాను తిరుగుతున్నది.
బయట ఎవరో రేషన్ కార్డు ఫారం అడుగుతున్నరు.

జరసేపటికి లేచిండు. చెప్పు ఇడిచి
నా గచ్చు మీద మడమతోటి రెండు దెబ్బలు కొట్టిండు.
"కింద బోలుగున్నది.
పోసినోడు దిమ్మిస సరింగ కొట్టలె."
నిజమే. వానకాలం ఆ మూలకే నీళ్లు ఊరుతయి.
నేనెవ్వరికీ చెప్పలె.

మల్ల కూసున్నడు.
"కొట్టు," అన్నడు, ఆర్డరు లెక్క గాదు, నిమ్మళంగ.
"సంస్థ: కాలువ కట్ట, తొమ్మిదో కిలోమీటరు.
పని: దిమ్మిస కూలి.
అచ్చయ్యింది..."
అక్కడ ఆగిండు.
టీ చల్లారేదాక ఆగిండు.
"ఆ కట్ట ఇంక తెగలె. గదే రాయి."

రాసిన.
ఇంగ్లీషుల అది ఇంకింత పొట్టిగయ్యింది.

మూడు కాపీలు. నల్ల రెగ్జిన్ అట్ట.
మీద హోదా వద్దన్నడు, పేరు చాలన్నడు.
వల్లెపు హన్మప్ప.
బంగారు రంగు అక్షరాలు ఒక్కొక్కటి పేరుస్తుంటే
అప్పుడు చేతికి తగిలింది, ఇంటిపేరు.
తలెత్తిన, అడుగుదామని.

ఆయన సందుల నిలబడ్డడు.
కొత్త మోరీకి తవ్విపోసిన మట్టి మీద
ఒక కాలు బూటుల, ఒక కాలు వట్టిది,
మెల్లగ మడమ ఒత్తి చూస్తున్నడు.

ఎడమ చెవి నా దిక్కున్నది.